కట్టుబట్ట – కుట్టుబట్ట: రామతీర్థము మూడు కొండల సాక్ష్యము

విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల దాటిన పిమ్మట, రామతీర్థగ్రామము కలదు. గ్రామమునకు చేరువను బోడికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండ అను మూడు రాతికొండలు నిలిచియున్నవి. గురుభక్తులకొండపై బౌద్ధుల స్తూప చైత్య విహారముల శిథిలములు కలవు. అలెగ్జాండరు రే త్రవ్వించి వెలువరించిన విషయములు పురావస్తుశాఖవారి 1910–11 వార్షిక నివేదికలో చేరినవి. దుర్గకొండపై జైన తీర్థంకరుల విగ్రహములును, తూర్పు చాళుక్యరాజగు విమలాదిత్యుని (1011–1018) కాలపు కన్నడ శాసనమును గలవు. దేశిగణాచార్యుడగు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ కొండను సేవించినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. బోడికొండ రామభక్తుల సొత్తు. గ్రామనామమే ఆ దైవముది.

ఈ కొండల మతచరిత్రను గూర్చి పెద్దలు వ్రాసియున్నారు. నేను వేయదలచిన ప్రశ్న మిక్కిలి చిన్నది. ఇచట నివసించినవారు ఏమి ధరించిరి? అది కట్టినదా, కుట్టినదా?

ప్రశ్న చిన్నదైనను దానివెనుక నొక పెద్ద అపోహ యున్నది. "తురుష్కుల రాకకు మునుపు మనవారికి కుట్టుపని తెలియదు, సూదియు కత్తెరయు దర్జీతో వచ్చినవి" అను మాట తరగతి గదులలో నేను పలుమారులు విన్నాను. విచిత్రమేమనగా, ఈ మాటను రెండు పక్షములవారును వాడుకొందురు. కుట్టని వస్త్రమే మన పవిత్రసంప్రదాయమని గర్వించువారొకరు. కుట్టు నెఱుగని వెనుకబాటు మనదని జాలిపడువారొకరు. గర్వమునకును జాలికిని ఆధారమొక్కటే. ఆ ఆధారము తప్పు.

ఈ అపోహకు ప్రాబల్యము గలిగించినవారిలో మార్కోపోలో నొకనిగా చెప్పవలయును. 13వ శతాబ్ది చివర దక్షిణతీరమును చూచిన ఆ యాత్రికుడు, తమిళతీరమగు మాబరులో జనులు దాదాపు దిగంబరులై తిరుగుదురుగాన బట్ట కత్తిరించి కుట్టువాడే లేడని వ్రాసెను. ఆ మాటనే అందఱును పట్టుకొనిరి. అయితే అతడే కాకతీయుల రేవగు మోటుపల్లిని గూర్చి వ్రాయుచు, అచట నేయు సన్నని వస్త్రములు సాలెగూటివలె నుండునని అచ్చెరువందెను. రెండు వాక్యములను కలిపి చదివినవారు తక్కువ. లోకములోకెల్ల సన్నని బట్ట నేయువారు దానిని కుట్టకుండిరన్నచో, కుట్టుట చేతగాకయా, కుట్టవలసిన పని లేకయా? ఈ భేదమును గుర్తింపనివారికి వస్త్రచరిత్ర బోధపడదు.

ముందుగా మన మాటలనే అడుగుదము. తెలుగున 'కుట్టు' అనగా మొదటి అర్థము పొడుచుట, గ్రుచ్చుట. తేలు కుట్టును, బిడ్డకు చెవులు కుట్టింతురు, విస్తరి కుట్టుదురు. తక్కిన ద్రావిడభాషలలోను ఈ ధాతువునకు పొడుచుటయే ప్రధానార్థము. ఈ మూడింటిలో విస్తరికుట్టు మనకు ముఖ్యము. దానికి సూది లేదు, దారము లేదు. సన్నని పుల్లయే సూది, విరిచి వదలిన ఆ తునుకయే కుట్టు. బట్టకుట్టు దీని తరువాతిదని తలచుటకు భాషయే ఆధారము. ఇక గోనెలు కుట్టు పెద్దసూదికి 'దబ్బనము' అని వేఱు పేరున్నది. మన తూర్పుతీరమున అలలకు ఎదురొడ్డిన మసూలా పడవలు మేకులతోగాక కొబ్బరిపీచు త్రాళ్ళతో పలకకు పలకను కుట్టి కట్టినవి. ఓడలోని సరకును ఒడ్డునకు చేర్చినది కుట్టిన పడవయే. ఇట్టి దేశమున కుట్టు తెలియదనుట సాహసము.

పనిముట్ల పేర్లు మఱియొక కథ చెప్పును. 'నూలు' ద్రావిడపదము. 'సూది' సంస్కృత 'సూచి' నుండియు, 'కత్తెర' 'కర్తరి' నుండియు వచ్చిన తద్భవములు. వీని రూపములను జూచిన ఇవి ప్రాకృతముద్వారా వచ్చినవని తోచును. క్రీస్తుశకారంభ శతాబ్దులలో ఈ తీరమున ప్రాకృతము పలికినవారెవరు? వర్తకులు, భిక్షువులు. పదవ్యుత్పత్తి యొక్కటే చరిత్ర నిరూపింపజాలదు. కాని గురుభక్తులకొండను ఎక్కుటకు ఇది తగిన మెట్టు. సూది ఋగ్వేదమునందే ప్రస్తావింపబడినది. మొహెంజొదారోలో నూలుబట్ట తునుకయు దొరకినది. అమరకోశము కుట్టువానికి 'తున్నవాయ', 'సౌచిక' అను రెండు పేర్ల నిచ్చుచున్నది. కౌటిల్యుడు చాకలివానికి చెప్పిన నియమములనే తున్నవాయునకును వర్తింపజేసెను. అనగా ఊరి బట్టలు తన చేతికి వచ్చు వృత్తికాడు, వానివలన తగవులు పుట్టుటయు కలదు. తెలుగునను 'కుట్రపువాడు', 'చిప్పెవాడు' అను పాతపేర్లు దర్జీకి వేఱుగ నున్నవి. పేర్లుండగా మనిషి లేడనుట ఎట్లు?

ఇక గురుభక్తులకొండ. బౌద్ధభిక్షువు చీవరము కుట్టినబట్ట. ఈ విషయము మన విద్యార్థులలో పలువురు ఎఱుగరు. శిల్పములలో బుద్ధుని భుజముపైనుండి జారు వలువను జూచి అది ధోవతివంటి ఏకవస్త్రమే యని భ్రమపడుదురు. పాలి వినయపిటకమందలి మహావగ్గములో చీవరఖంధకమని యొక ప్రకరణమే యున్నది. బుద్ధుడు మగధదేశపు పొలములను, వాని పొడవుగట్లను, అడ్డగట్లను, గట్లు కలియు కూడళ్ళను జూచి, చీవరమును ఆ విధముగ అమర్పగలవా యని ఆనందు నడిగెననియు, ఆనందుడు అట్లే చేసెననియు అందు గలదు. ఆ కుట్టుబట్టలోని భాగములకు పేర్లు కూడ నున్నవి. పొడవు అతుకు 'కుసి', అడ్డ అతుకు 'అడ్ఢకుసి'. పెద్దమడి 'మండలము', సగముమడి 'అడ్ఢమండలము'. నడిమి పట్టె 'వివట్టము', దాని ప్రక్కవి 'అనువివట్టములు'. మెడయొద్ద రాపిడికి ఆగుటకు వేసిన అతుకు 'గీవేయ్యకము', పిక్కలయొద్దిది 'జంఘేయ్యకము'. కఠినచీవరమునకు అయిదు పట్టెలకు తక్కువ యుండరాదు. చంపావతీ ప్రాంతపు వరిమళ్ళను గురుభక్తులకొండపైనుండి జూచినవారికి ఈ పోలిక వివరింపనక్కరలేదు.

కత్తిరించుట యెందుకు? నిండుబట్టకు వెల యుండును. దొంగకు ఆశ యుండును. కత్తితో కోసి అతికినది మొఱటుదై, శ్రమణునకు తగినదై, పరులు కోరనిదై యుండును. కత్తిరింపు వలన వస్త్రపు వెల తగ్గునను ఈ సత్యమును ముందునకు గుర్తుంచుకొనవలయును. బోడికొండపై దీనితో మనకు పని యున్నది.

చుల్లవగ్గములోని అయిదవ ఖంధకము మఱింత విలువగలది. నా యెఱుకలో ఈ దేశపు వాఙ్మయమున కుట్టుపని ప్రథమపాఠములు ఇంత వివరముగ నున్న ప్రాచీనస్థల మింకొకటి లేదు. అది పాఠ్యగ్రంథము కాదు. ఒక్కొక్క చిక్కు, దానికొక్క అనుమతి. భిక్షువులు బట్టను చేతితో చించి కుట్టుచుండిరి, బట్ట పాడగుచుండెను, చిన్నకత్తి అనుమతింపబడినది. కోడియీకతోను వెదురుబద్దతోను కుట్టుచుండిరి, కుట్టు చక్కగ రాకుండెను, సూది అనుమతింపబడినది. ఇచట మనము ఆగి మన విస్తరిపుల్లను తలంపవలయును. పుల్లనుండి సూదికి జరిగిన ఆ మార్పును ఈ గ్రంథము కన్నులకు గట్టినట్లు చూపుచున్నది. సూదులు త్రుప్పుపట్టెను, సూదిగొట్టము, అందు పిండి, ఱాతిపొడి, మైనము అనుమతింపబడినవి. బట్ట వంకరపోయెను, కఠినమను చట్రమును, దానికి త్రాళ్ళను అనుమతించిరి. కుట్లమధ్య ఎడము సమముగ రాకుండెను. ఎడము గుర్తుకొఱకు 'కళింభకము' వచ్చెను. దారము వంకరపోయెను, 'మోఘసుత్తము' వచ్చెను. మోఘసుత్తమనగా వ్యర్థసూత్రము, పని తీరిన పిదప ఊడదీయు నూలు. నేటి దర్జీలు దీనినే కచ్చాకుట్టు అందురు. వ్రేళ్ళు నొచ్చెను, వ్రేలితొడుగు అనుమతింపబడెను. వెంటనే కొందఱు బంగారు వెండి తొడుగులు చేయించుకొనిరి; లోకులు గొణిగిరి; అవి నిషేధింపబడినవి. ఆరుబయట కుట్టుచు భిక్షువులు చలికిని వేడికిని బాధపడుచుండగా కఠినశాల కట్టుకొన ననుమతి కలిగెను. అందుచేత విహారములోని శాలలన్నియు ధ్యానమునకును భోజనమునకును మాత్రమే యని తలంచుట పొరపాటు. ఏదో ఒక గదిలో చాపపై చట్రము పఱచి పదిమంది భిక్షువులు వంగి కుట్టుచుండిరి.

దీనికి ఋతువు కూడ గలదు. వర్షావాసము ముగిసిన పిమ్మట నెలదినములలో కఠినోత్సవము. దాతలిచ్చిన బట్టను ఆనాడే ఉతికి, కొలిచి, కత్తిరించి, కుట్టి, అద్దకము వేయవలెను. ప్రొద్దు గడువరాదు. ఒక్కని చేతిపని కాదుగనుక సంఘమంతయు కూర్చుండును. బట్టలుగా నార, పత్తి, పట్టు, కంబళి, జనుము మున్నగు ఆఱు తెగలకును, రంగులుగా వేరు, మ్రాను, పట్ట, ఆకు, పువ్వు, పండు అను ఆఱు మూలములకును అనుమతి యుండెను. ఈ ఆఱింటిలో జనుము మన మండలమునకు క్రొత్తది కాదు. జనుము, గోగు పండించి నార తీయుట ఇచ్చటి రైతులకు సహజము. చీవరముయొక్క గరిష్ఠపరిమాణమును సుగతుని జేనతో తొమ్మిది పొడవు, ఆఱు వెడల్పుగ నిర్ణయించిరి. ఎముక, దంతము, కొమ్ముతో చేసిన సూదిపెట్టెను పగులగొట్టవలెనని పాచిత్తియనియమము.

ఒక ఆక్షేపణను నేనే చెప్పెదను. ఇవి థేరవాదుల వినయమందలివి. ఆంధ్రదేశపు సంఘములు పెక్కు మహాసాంఘికశాఖలవి గదా? నిజమే. కాని కత్తిరించి కుట్టిన చీవరము ఏ ఒక్క నికాయపు సొత్తును గాదు. 7వ శతాబ్దిలో భారతదేశమునకు వచ్చిన ఇత్సింగు నాలుగు నికాయముల భేదమును లోవలువ కట్టుకొను తీరునుబట్టి చెప్పెను. కట్టుటలో భేదము గలదని ఆయన వ్రాసెను. మూడు చీవరముల నియమము అందఱిది. రామతీర్థపు భిక్షువులు ఏ నికాయమువారైనను, వారి చేతిలో సూది యుండెననుటకు సంకోచింప నక్కరలేదు. అది విదేశీయుల చేతినుండి వచ్చినది కాదు.

దుర్గకొండను గూర్చి క్లుప్తముగ చెప్పిన చాలును. దేశిగణము మూలసంఘమునకు చెందిన దిగంబరశాఖ. ఆ కొండపై ముని యొడలిపై బట్టయే లేదు. కట్టుట కుట్టుటల ప్రసక్తి లేదు. ఎదురుగానున్న కొండపై భిక్షువులు తొమ్మిది జేనల నియమమునుగూర్చి వాదించినచోట, కొన్ని శతాబ్దుల తరువాత బట్టను పూర్తిగ విడిచినవారు వచ్చి తపస్సు చేసిరి. ఒకే ఊరి మూడు కొండలపై వస్త్రమును గూర్చి మూడు సిద్ధాంతములు!

మూడవది బోడికొండది. దేవాలయ సంప్రదాయమున దేవునకు కట్టునది నిండుబట్ట. కొత్తదియు, అంచులు చెడనిదియు, కత్తెర సోకనిదియునగు 'అహతవస్త్రము' వైదికకర్మకు ప్రశస్తము. యజమానుడు పంచెను, ఉత్తరీయమును ధరించును గాని కుట్టిన అంగీతో పీటపై కూర్చుండడు. ఇది కుట్టు తెలియకపోవుట కాదు. కుట్టును ఎఱిగి దానిని దూరముగ నుంచుట. భిక్షువు వెలను తగ్గించుటకు కోసెను. వైదికుడు నిండుదనము చెడకుండుటకు కోయడాయెను. ఇరువురును ఒకే విషయము నెఱిగినవారు: కత్తెర పడిన బట్ట మునుపటి బట్ట కాదు.

ఈ మాట నేతగానికి బాగుగ తెలియును. పడుగునకు పేక అల్లి రెండుప్రక్కల అంచు, రెండుకొనల చెఱగు తీర్చినప్పుడు ఆతని పని ముగిసినది. చీర మగ్గముమీదనే పూర్తియగును. దానికి మఱొకరి చేయి అక్కరలేదు. బట్ట వెడల్పు నేతగాడు చేతులు చాచినంత. అంతకు మించిన వెడల్పు కావలసిన రెండు పన్నాలు అతుకవలెను. కత్తిరించిన చోట పోగులు ఊడును. ఊడకుండుటకు మడిచి కుట్టవలెను. మడతకు బట్ట వ్యయమగును, చంకకును మెడకును గుండ్రముగ కోసిన తునుకలు వ్యర్థమగును. సన్నని నూలు చేతితో వడికిన కాలమున ఆ తునుకల విలువ నేటివారు ఊహింపజాలరు.

ఊహించుటకు పొందూరు పోవలయును. కళింగపు నూలుబట్టకు పేరు ప్రాచీనమైనది. మేలైన పత్తిబట్టలు దొరకు దేశములలో కౌటిల్యుడు కళింగమును పేర్కొనెను. సంగకాలపు తమిళమున 'కలింగమ్' అనగా బట్టయే, దేశనామమే వస్త్రనామమైనది. శ్రీకాకుళమండలమందలి పొందూరులో నేటికిని స్త్రీలు కొండపత్తి, పునాసపత్తి గింజలను వాలుగచేప దవడయెముకతో దువ్వుదురు. ఆ సన్నని పండ్లకు నారపోగులు ఒక దిక్కునకు తిరిగి చెత్త రాలిపోవును. పిమ్మట చెక్కపై ఇనుపకడ్డీ దొర్లించి గింజ తీయుదురు, చిన్నవింటితో ఏకుదురు, ఏకులను ఎండిన అరటిదొప్పలో దాచుదురు, ఒంటికదురు రాట్నముపై వడుకుదురు. నూఱవ నంబరు నూలు వారికి అలవాటు. నంబరనగా ఒక పౌనునకు 840 గజముల చిలపలెన్ని యను లెక్క. నూఱవ నంబరున పౌనునకు 84,000 గజములు, దాదాపు 48 మైళ్ళ దారము. రాట్నమునొద్ద ఒకతె గడిపిన దినములను దర్జీ కత్తెర ఒక్కవిసురున చంకక్రింది తునుకగా నేలపై రాల్చును. పూర్వులు చీరను కోయకపోవుటకు శాస్త్రమొక్కటే కారణము కాదు.

మన ఇండ్లలో ముసలమ్మలు చినిగిన చీరలను పారవేయక పొరలుపొరలుగా పఱచి బొంత కుట్టుట నేనెఱుగుదును. సంస్కృతమున 'కంథ' యనునదియు అదియే. సన్న్యాసి కప్పుకొనునదియు అదియే. నిండుచీరను కోయని చేయి చినిగినచీరను కుట్టుటకు వెనుదీయదు. కుట్టు ఎచట తెలియునో ఎచట నిషిద్ధమో ఆ బొంతయే చెప్పును. చరిత్రకారులు దానిని చూడకుండుటకు కారణము అది స్త్రీలపని యగుటయే యని నా అనుమానము.

ఉడుపు కుట్టుట మాత్రము పెరుగుచు వచ్చినది. నాగార్జునకొండ శిల్పములలో కుట్టిన అంగీయు టోపియు దాల్చిన శకసైనికుడు కలడు. ఆ వేషము విదేశీయమే. కాని దానిని చెక్కినవాడు తెలుగుదేశపు శిల్పి, మూడవ శతాబ్దివాడు. తెలుగుక్రియలు ఈ క్రమమును బాగుగ భద్రపఱచినవి. చీర కట్టుదురు, పాగా చుట్టుదురు, రవిక తొడుగుదురు. చీరను తొడిగితిననువాడు తెలుగువాడు కాడు. శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన కర్ణాటరాజాస్థానపు చాటువున కుళ్ళాయి, కోక, కూర్పాసము మూడును వరుసగ వచ్చును. ఒక్కొక్కదానికి ఒక్కొక్క క్రియ. కుట్టిన కూర్పాసము 'తొడుగు'నకు చెందినది. తెలుగు కుప్పసము దాని తద్భవమే. కుళ్ళాయి పారసీక సంపర్కమువలన వచ్చినది, కూర్పాసము పాత సంస్కృతపదము. ఒకే మనిషి తలమీద క్రొత్తదియు ఒంటిమీద పాతదియు! 16వ శతాబ్ది లేపాక్షి చిత్రములలో పొడవాటి అంగీలు, ఎత్తుకుళ్ళాయిలు దాల్చిన పురుషులు బారులు తీరియుందురు. విజయనగరకాలపు కొలువుడుపు తురుష్కసంపర్కమువలన మాఱినమాట సత్యము. మాఱినది కొలువుడుపు; సూది కాదు.

ఆ తరువాతి పొర బుడతకీచులది. బొత్తాము, బొత్తామునకు చేయు కాజా, బట్టకు పెట్టు ఇస్త్రీ మూడును వారి భాషనుండి వచ్చినవే. జేబు అరబ్బీది, పైజామా పారసీకము, అంగుస్తానా పారసీకము. దర్జీయంగడిలోని మాటలను ఒకచోట పేర్చిన నాలుగుదేశముల వర్తకచరిత్ర కనబడును. అయితే చేతిపనియొక్క మాటలు, అనగా కుట్టు, అతుకు, మడత, ముడి, కొలత, పోగు, అంచు, వానిలో ఒక్కటియు ఓడదిగి రాలేదు. వస్తువుతోపాటు పేరు వచ్చును. పని మునుపే యున్నచోట పనికి క్రొత్తపేరు రాదు. నా వాదమునకు ఇదియే మూలస్తంభము.

కుట్టుయంత్రము వచ్చిన పిమ్మట పరిస్థితి వేఱు. హోవె 1846లోను, సింగరు 1851లోను అమెరికాలో పొందిన హక్కులతో ఆ యంత్రము లోకమెల్ల వ్యాపించినది. సూదిమొనయందే కన్ను పెట్టి, పైదారము నొకటి క్రిందిదారము నొకటి బట్టమధ్య పెనవేయుట దాని రహస్యము. చేతికుట్టు ఒంటిదారపుది; యంత్రపుకుట్టు జంటదారపుది. రెండువేల యేండ్లుగ ఒకే తీరున నడచిన పని అచ్చట తెగినది. మిల్లుబట్ట చౌక యగుటచే చంకతునుకల బెంగయు తీరినది. చీరతోపాటు రవిక తప్పనిసరి యగుట ఆ తరువాతి విషయము. అందు సూదికంటె సంఘము ఎక్కువ.

పరిశోధకవిద్యార్థులకు ఒక మనవి. 'కళింభకము', 'మోఘసుత్తము' అను రెండు పనులు నేటికిని ప్రతి దర్జీ చేయుచున్నాడు. కచ్చాకుట్టు అను పేరు క్రొత్తది. దానికి పూర్వపు తెలుగుమాట నెల్లిమర్ల, విజయనగరము, పొందూరు ప్రాంతములలో యంత్రము ముట్టని ముసలిచేతుల యొద్ద అడుగవలయును. బొంతలు కుట్టు ముసలమ్మలను, విస్తరులు కుట్టువారిని, గోనెలకు దబ్బనము పట్టువారిని, పడవలు కుట్టినవారి సంతతిని అడుగవలయును. నిఘంటువులలో వెదకినది చాలును.